కూజా పట్టుకున్న పిల్ల

బొటనవేలి గోరంచున అంటిన గోధుమరంగు వారమైనా వదల్లేదు. గ్లెనిస్ పార్డో సబ్బుతో తోమింది, నిమ్మచెక్కతో రుద్దింది, ఆఖరికి మొగుడి షెడ్డులో ఉన్న కిరసనాయిలు కూడా పోసి చూసింది. చర్మం మండింది గానీ సన్నటి గీత అలాగే ఉండిపోయింది. అప్పటినుంచీ నలుగురిలో ఉన్నప్పుడల్లా ఆ వేలిని గుప్పిట్లో దాచుకుని తిరుగుతోంది.

అది అంటింది కిందటి వారం. హార్‌బెక్ హాల్ తాళాలన్నీ ఇరవై ఏళ్లుగా గ్లెనిస్ నడుముకే వేలాడుతున్నాయి. మేడమీద పొడుగుగదిలో డ్రేక్‌లో అనే దొరల వంశంవాళ్లు భోజనాల బల్ల చుట్టూ కొలువుదీరిన పెద్ద బొమ్మ ఉంది. రాజుల కాలంనాటిది. దాని ఫ్రేము తుడుస్తూ కింది మూల చెయ్యి ఆనించింది. వేలు మెత్తగా దిగబడింది. తీసి చూసుకుంటే రంగు. ఎప్పుడో తాతల తాతలనాడు ఎండి బిగుసుకుపోయిన బొమ్మకి పచ్చిరంగు ఎక్కడినుంచి వస్తుంది? గ్లెనిస్ చదువుకున్నది తక్కువే గానీ ఆ ప్రశ్నకి జవాబు తెలియనంత అమాయకురాలు కాదు. గోడమీదున్నది నకలు. అసలుది ఏమైందో దేవుడికెరుక, ఇప్పటి దొర సర్ క్రిస్పిన్‌కెరుక.

మామూలు బొమ్మయితే పోన్లే, వాళ్ల బొమ్మ వాళ్లిష్టం అని ఊరుకునేది. ఇది అలాంటిది కాదు. ముసలి దొరగారు పోయినప్పుడు ఈ బొమ్మమీద వారసత్వపు పన్ను బోలెడంత కట్టాల్సి వచ్చింది. కొడుకు సర్ క్రిస్పిన్ కట్టలేదు. కట్టకుండా ఉండటానికి చట్టంలోనే దారి ఉంది. బొమ్మని అమ్మకూడదు, దేశం దాటించకూడదు, చూస్తామని అడిగినవాళ్లు ఎవరైనా సరే కాదనకుండా చూపించాలి. ఆ మాట నిలబెట్టుకున్నంతకాలం ప్రభుత్వం పన్ను అడగదు. తప్పిన రోజున మొత్తం బాకీ నెత్తిమీద పడుతుంది. అయితే బొమ్మ చూపించాల్సిన మనిషిగా ప్రభుత్వం దగ్గర ఉన్న పేరు సర్ క్రిస్పిన్‌ది కాదు, గ్లెనిస్‌ది. బొమ్మ గోడమీద క్షేమంగా ఉందని ఏటేటా రాసి సంతకం పెట్టేదీ ఆవిడే. పెట్టమన్నారు, పెట్టింది. అందులో భయపడాల్సిందేముందని ఆనాడు అనుకుంది.

వేలికంటిన రంగు సంగతి లెన్‌కి కూడా చెప్పలేదు. లెన్ ఆవిడ మొగుడు. ఎస్టేటు గొర్రెల్ని కాసి కాసి, బూజుపట్టిన గడ్డిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. ఇప్పుడు ముక్కుకి గొట్టం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాడు. వాళ్లుండే చిన్న ఇల్లు ఎస్టేటుదే. గ్లెనిస్ ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ ఇల్లు. ఉద్యోగం పోతే పట్నంలో చెమ్మ కారే గది ఏదో దొరుకుతుంది, ఆ చెమ్మలో లెన్ ఒక చలికాలం కూడా దాటడని డాక్టరు ముఖాన్నే చెప్పాడు. పైగా దొరగారు వాళ్లని బాగానే చూసుకుంటున్నాడు. అద్దె పెంచలేదు. కిందటి నెల హాల్లో పైకప్పు కారుతోందని వాళ్ల నానమ్మగారి నిలువుటద్దం చెక్కపెట్టెలో బిగించి పంపి, "మీకంటే నమ్మకస్తులు నాకెవరున్నారు లెన్, మీ మెట్లకింద పెట్టుకోండి, తెరవకండి, గాలి తగిలితే పాదరసం పోతుంది" అన్నాడు. లెన్ పొంగిపోయాడు. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టడానికి చోటు లేకుండా పోయిందని సణుగుతూనే, ఆ పెట్టెమీద తన కోటు తగిలించుకుంటున్నాడు.

ఇదీ పరిస్థితి. ఇలాంటప్పుడు ఫోనొచ్చింది. ఎవరో పెద్దావిడ. బొమ్మ చూడాలట, తనకి హక్కుందట.

సర్ క్రిస్పిన్ విని నొసలైనా ముడవలేదు. "రమ్మనండి మిసెస్ పార్డో. కిటికీ లోపలి చెక్కరెక్కలు సగం మూసి ఉంచండి. బొమ్మకి ఎడంగా తాడు కట్టండి. త్వరగా చూపించి పంపించేయండి. నేను పక్కగదిలో ఉంటాను, తలుపు వారగా తీసి ఉంచుతాను" అన్నాడు. ఎందుకుంటాడో చెప్పలేదు. అడిగే ధైర్యం గ్లెనిస్‌కి లేదు.

*

ఆవిడ పేరు నోరీన్ బ్లెజార్డ్. డెబ్బై దాటి ఉంటాయి. జుట్టుమీద ప్లాస్టిక్ వానటోపీ, చేతిలో ఫ్లాస్కు, భుజాన పెద్ద సంచీ. వాకిట్లో నిలబడి బూట్ల బురద రెండుసార్లు తుడుచుకుని, తృప్తిలేక మూడోసారి తుడుచుకుంది.

"నువ్వేనా గ్లెనిస్? ఫోనులో గొంతు విని ఎవరో ఆజానుబాహువనుకున్నా."

"పొట్టిగా ఉన్నా తలుపు తియ్యగలనమ్మా. లోపలికి రండి, తడిసి ముద్దయ్యారు."

"తడవక ఏం చేస్తాం తల్లీ? మా ఊరి బస్సు పీకేశారుగా. కౌన్సిలు దగ్గర డబ్బుల్లేవంట. పక్కూరిదాకా నడిచి, రెండు బస్సులు మారి, మిగతా దూరం మా పక్కింటాయన వ్యానులో వచ్చా. కుక్కని ముందు సీట్లో కూచోబెట్టి నన్ను వెనక పడేశాడు. దానికి కడుపులో తిప్పుతుందంట."

గ్లెనిస్‌కి నవ్వొచ్చింది. వారంలో అదే మొదటిసారి. వెంటనే పక్కగది గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ముందు టీ తాగుతారా? వంటింట్లో వెచ్చగా ఉంటుంది."

"నా టీ నా ఫ్లాస్కులో ఉంది. దొరబాబు మనసు మారేలోపు బొమ్మ చూపించు చాలు."

మెట్లెక్కుతూ నోరీన్ ఫ్లాస్కు సంచీలో పెట్టుకుని మెట్లవార కొయ్యని అరచేత్తో నిమిరింది. "దీనికి మైనం రుద్దింది మా అమ్మే. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా ఇక్కడే పని. దొరసాని దుప్పట్లు ఉతికి ఉతికి చేతులు ఉడకబెట్టిన మాంసంలా అయిపోయేవి. నువ్విక్కడ ఎన్నేళ్లనుంచీ?"

"చాలా ఏళ్లయిందమ్మా."

"అట్లా చెప్పకు, జైలుకెళ్లినోళ్లు చెప్పినట్టుంది."

ఆ ఒక్క మాటకి గ్లెనిస్ గుండె గుభేలుమంది. ఆవిడ ఊరికే అందని తెలుసు. తెలిసినా తాళంచెవి కన్నంలో పెట్టబోతే రెండుసార్లు జారింది.

పొడుగుగదిలో చలి. సగం మూసిన రెక్కల సందునుంచి వానాకాలపు మసకవెలుతురు నేలమీద పడుతోంది. ఆ చివర గోడమీద బొమ్మ, దాని ముందు కొత్త తాడు. కుడివైపు చిన్నతలుపు వారగా తీసి ఉంది. గ్లెనిస్ అటు చూడకూడదనుకుంది, చూసింది. సందులో చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

"ఇక్కడ ఆగాలమ్మా. తాడు దాటకూడదు."

"ఇంత దూరాన్నుంచి నాకేం కనబడుతుంది? పెద్దాయన ముక్కు, బల్లమీద వెండి పళ్లెం. అంతే. ఆ కిటికీ తెరువు."

"వెలుతురు తగిలితే రంగులు పాడవుతాయి."

"ఇన్నేళ్లూ పాడవనివి ఇవాళ నేనొస్తే పాడవుతాయా? సరేలే, నీ ఉద్యోగం నీది. ఏదీ, కాస్త భుజం ఇవ్వు."

పెద్దావిడ భుజం అడిగితే ఎవరైనా ఇస్తారు. గ్లెనిస్ ఇచ్చేసింది. నోరీన్ ఆ భుజం పట్టుకుని నెమ్మదిగా ఒక కాలు ఎత్తి, తర్వాత రెండోది ఎత్తి, తాడు దాటేసింది. అప్పటికిగాని గ్లెనిస్‌కి తనేం చేసిందో తెలియలేదు.

"అమ్మా, వద్దు. దయచేసి ఇవతలికి రండి."

నోరీన్ వినిపించుకోలేదు. పెద్దవాళ్ల మొహాలున్న పైభాగం వైపు చూడనే లేదు. నేరుగా కుడివైపు కింది మూల దగ్గరికి వెళ్లి, మోకాలి నొప్పికి మూలుగుతూ వంగింది. సంచీలోంచి తాళాల గుత్తికున్న చిన్న టార్చి తీసి వేసింది. ఆ వెలుగు సరిగ్గా ఎక్కడ పడిందో గ్లెనిస్ చూసింది. అక్కడే ఉంది ఆవిడ వేలిముద్ర. గోధుమరంగు నీడలో చిన్న గుంట, గీతలతో సహా.

నోరీన్ టార్చి అటూ ఇటూ తిప్పింది. కళ్లద్దాలు తీసి స్వెట్టరుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ఏదీ?"

"ఏది అమ్మా?"

"పిల్ల. కూజా పట్టుకున్న పిల్ల. ఇక్కడే ఉండాలి, ఈ తలుపు నీడలో. తలమీద తెల్లటి టోపీ, చేతిలో నీళ్ల కూజా. క్రిస్మస్‌కి పనివాళ్ల పిల్లలందర్నీ ఈ గదిలోకి పిలిచి టీ ఇచ్చేవాళ్లు, తలో కమలాపండు పెట్టేవాళ్లు. దొరసాని ప్రార్థన చదువుతుంటే అందరూ కళ్లు మూసుకునేవాళ్లు, నేను మాత్రం దీన్నే చూస్తూ కూచునేదాన్ని. నిలబడ్డ పెద్దోళ్లకి అంతగా ఆనేది కాదు. నేలమీద కూచున్న మా కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉండేది. మా అమ్మ చెప్పేది, బల్ల దగ్గర కూచున్నోళ్లు వాళ్ల మనుషులు, నిలబడ్డది మన మనిషి అని."

గ్లెనిస్‌కి గుర్తొచ్చింది. నిజమే, ఉండేది. పనిలో చేరిన కొత్తలో పొద్దుటిపూట ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆ టోపీ తెల్లగా కనిపించేది. తర్వాత తర్వాత తనూ చూడటం మానేసింది. నకలు వేసినవాడికి ఫొటోలు పంపి ఉంటారు, ఫొటోలో ఆ మూల ఉత్త నీడ, వాడు నీడని నీడగానే వేశాడు. నకలు చేతికొచ్చాక దొరగారు సరిచూసుకుని ఉంటాడు, తాతల ముక్కులు, నానమ్మల నగలు, వెండి పళ్లేలు. పనిపిల్ల ఉన్న మూలవైపు ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ చూసిన పాపాన పోలేదు. తనకి మాత్రం ఏమైంది? రంగు అంటిందని హడలిపోయింది గానీ, పిల్ల లేదని తట్టనే లేదు. అది తల్చుకుంటే భయంకన్నా ముందు సిగ్గేసింది.

"శుభ్రం చేయించారమ్మా మధ్యలో. బహుశా అప్పుడు..."

"శుభ్రం చేస్తే మట్టి పోతుంది, మనిషి పోతుందా?"

పక్కగదిలో చెక్కనేల కిర్రుమంది. చిన్న చప్పుడే. గ్లెనిస్ గొంతు తగ్గించి నోరీన్ చెయ్యి పట్టుకుంది. "టైమైపోయింది. కిందకి వెళ్దాం పదండి. మీకు దణ్ణం పెడతాను."

నోరీన్ లేవలేదు. పట్టుకున్న చేతివైపు చూసింది. తర్వాత బొటనవేలి గోరు చూసింది. చూసి, బొమ్మమీదున్న గుంట చూసింది. టార్చి ఆర్పేసింది.

"ఎవర్ని చూసి ఇంత భయపడుతున్నావు తల్లీ?"

గ్లెనిస్ వారగా తీసిన తలుపువైపు ఒక్కసారి చూసి కళ్లు దించుకుంది.

నోరీన్ ఫ్రేము పట్టుకోకుండా గోడ ఆసరా చేసుకుని లేచింది. లేచాక గొంతేమీ తగ్గించలేదు. "నేనెందుకొచ్చానో చెప్తా విను. స్కూల్లో పిల్లలకి భోజనం వడ్డించా, ముసలిదాన్నయ్యేదాకా. నా జీతం నా చేతికి రాకముందే పన్ను కోసుకునేవాళ్లు. ఇప్పుడు పింఛనులోనూ కోస్తున్నారు. నేనెప్పుడూ ఏడవలేదు, అందరం కడితేనే ఆస్పత్రి, బడి, బస్సూ అనుకున్నా. బస్సు పోయింది. మా లైబ్రరీ వచ్చే నెల మూసేస్తారంట, అక్కడే పేపర్లో చదివా, ఇట్లా పెద్దిళ్లవాళ్లు పన్ను కట్టక్కర్లేదు, బదులుగా మనకి బొమ్మ చూపిస్తే చాలు అని. అడిగినోళ్లెవరైనా వెళ్లొచ్చంట. సరే, వాళ్లు కట్టని దాంట్లో నా వాటా ఇంత బొమ్మయినా ఉంటుంది కదా, వెళ్లి ఆ పిల్లని చూసొద్దామనుకున్నా. అంతే. నా వాటా చూసుకోడానికొచ్చా."

చిన్నతలుపు పూర్తిగా తెరుచుకుంది.

సర్ క్రిస్పిన్ తాపీగా బయటికొచ్చాడు. మోచేతుల దగ్గర తోలుముక్కలు కుట్టిన పాతకోటు, మెత్తటి నవ్వు. కుక్క కూడా వెంట లేదు. అది లేకుండా ఆయన గ్లెనిస్‌కి ఎప్పుడోగాని కనబడడు.

"క్షమించాలి. మీ మాటలు పక్కగదిలోకి వినిపించాయి."

"తలుపు తీసి పెట్టుకుంటే వినిపిస్తాయి మరి," అంది నోరీన్.

"మీ బస్సు విషయంలో నాకూ బాధగానే ఉంది. కానీ ఒక్కమాట ఆలోచించండి. ఈ ఇంటికి పైకప్పు వేయించేది నేను. కింద లోయలో సగం కుటుంబాలకి పనిచ్చేది నేను. మీ వీధివీధంతా కలిసి కట్టేదానికంటే ఎక్కువ పన్ను నేను ఏటా కడతాను. ఆ ఒక్క బొమ్మమీద కూడా కట్టమంటే ఈ ఇల్లు అమ్ముకోవాలి. రేపిక్కడ గోల్ఫ్ హోటలు వస్తుంది. అప్పుడు మిమ్మల్ని గుమ్మం కూడా ఎక్కనివ్వరు. నేను చేసిందంతా చట్టం చెప్పినట్టే చేశాను."

"కాదన్నానా దొరబాబూ? చట్టం మీకొక దారి చూపించింది, మీరు నడిచారు. నాకూ ఒక దారి చూపించమని అడిగితే ఫారం చేతికిచ్చి బయటికి తోలతారు, అది వేరే సంగతి. చట్టం చెప్పినట్టు మీరు కట్టలేదు. చట్టం చెప్పినట్టే నాకు చూపించండి. పిల్లేదీ?"

"పిల్లా? ఏ పిల్ల?"

ఆయన నిజంగానే అడిగాడు. ఆ మొహంలో దొంగతనమేమీ లేదు. ఆ బొమ్మకింద పుట్టి పెరిగిన మనిషికి అందులో పనిపిల్ల ఉందని ఇంతవరకూ తెలియదు. నోరీన్ నవ్వింది. "మీ నాన్నకీ తెలీదు. ఆయన్ని నేను నిక్కర్లలో చూశా. మా కమలాపళ్లు లాక్కుని తినేవాడు."

సర్ క్రిస్పిన్ వంగి ఆ మూలకేసి చూశాడు. లేచేసరికి మొహంలో ఏదో సర్దుకుంది. కంగారు పడాల్సిన మనిషి కంగారు పడలేదు. అది చూసి గ్లెనిస్ భయం రెండింతలైంది.

"మీరన్నది పెద్ద విషయం మిసెస్ బ్లెజార్డ్. ఇది అసలు బొమ్మ కాదంటున్నారు."

"నేననలేదు. పిల్ల లేదన్నా. మిగతాది ఈ అమ్మాయి చెప్పాలి. రోజూ తుడిచేది తనే కదా." నోరీన్ గ్లెనిస్ వైపు తిరిగింది. "చెప్పు తల్లీ. ఇది అప్పటి బొమ్మేనా?"

"అవును, మీరే చెప్పండి మిసెస్ పార్డో," అన్నాడు సర్ క్రిస్పిన్. "మొహమాటపడకండి. భయపడకండి."

గ్లెనిస్ ఇద్దరి మధ్యా నిలబడింది. అవునంటే ఈ పూటకి గండం గడుస్తుంది. ఇల్లుంటుంది, కిటికీ దగ్గర లెన్ ఉంటాడు. రేపు మళ్లీ సంతకం పెట్టాలి, ఎల్లుండీ పెట్టాలి, దొరికినరోజున దొంగ తనే అవుతుంది. కాదంటే రేపే సామాన్లు సర్దుకోవాలి, లెన్‌ని ఆ చెమ్మగదికి తీసుకెళ్లాలి. లెన్ దగ్గు చెవుల్లో వినిపించింది. అవుననే చెప్పాలని నోరు తెరిచింది.

ఎదురుగా తడిసిన వానటోపీ పెట్టుకుని నోరీన్ నిలబడి ఉంది, చేతులు రెండూ ముందు కట్టుకుని. వాటా అడగటానికి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. ఆవిడ మొహం చూస్తూ ఆ అబద్ధం నోటికి రాలేదు. రాకపోవడం ధైర్యం కాదని గ్లెనిస్‌కి తెలుసు. అలిసిపోయింది, అంతే.

"కాదు," అంది. "ఇది నకలు."

అనేసింది. కూలిపోతానేమో అనుకుంది గానీ కాళ్లు నిలబడ్డాయి. గుండెలమీంచి ఏదో దిగినట్టయి, ఒక్క క్షణం హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"ఎన్నాళ్లనుంచి తెలుసు?" సర్ క్రిస్పిన్ గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"వారం నుంచి. ఫ్రేము తుడుస్తుంటే..."

"వారం నుంచి తెలుసు, నాకు చెప్పలేదు."

గ్లెనిస్ తలెత్తి చూసింది.

"మీకు... మీకు తెలుసనుకున్నాను సర్."

"నాకెలా తెలుస్తుంది? ఈ గది తాళం మీ దగ్గరుంటుంది. బొమ్మ క్షేమంగా ఉందని ఏటా సంతకం పెట్టింది మీరు. నేను మిమ్మల్ని నమ్మి పైకి కూడా రాను." ఆయన నోరీన్ వైపు తిరిగి చిన్నగా తల వంచాడు. "మీరు ఇవాళ రావడం నా అదృష్టం. ఈ మాట ఆవిడ నోట, బయటి మనిషి ఎదుట రావాలని కోరుకున్నాను. మీరు విన్నారు. రేపు ఎవరడిగినా విన్నది విన్నట్టు చెప్తే చాలు."

నోరీన్ మొహంలో నవ్వు పోయింది. "నేను పిల్ల కోసం వచ్చా," అంది నెమ్మదిగా. "నీకు సాక్ష్యం చెప్పడానికి కాదు."

"తెలుసు. అందుకే మీ మాటకి విలువ." మళ్లీ గ్లెనిస్ వైపు చూశాడు. "మిసెస్ పార్డో, మీ ఇంట్లో మెట్లకింద ఒక చెక్కపెట్టె ఉందని పనివాళ్లు చెప్పారు. పెద్దదట. బల్లపరుపుగా, ఇదే కొలతలో ఉంటుందట. ఏముంది అందులో?"

గ్లెనిస్‌కి ముందు అర్థం కాలేదు. అంత మామూలు ప్రశ్న అది.

"అద్దం సర్. మీరిచ్చిన అద్దం. మీ నానమ్మగారిది."

"అద్దమా?" ఆయన కనుబొమలెత్తాడు. "నేను మీకే అద్దమూ ఇవ్వలేదే."

పై ప్రాణాలు పైనే పోవడం అంటారే, అదేమిటో గ్లెనిస్‌కి అప్పుడు తెలిసింది. తెరవకండి అన్నాడు. గాలి తగిలితే పాదరసం పోతుందన్నాడు. లెన్ దానిమీద కోటు తగిలించుకున్నాడు. నెలరోజులుగా రోజుకి ఇరవైసార్లు ఆ పెట్టె పక్కనుంచి తిరిగారు, పక్కకి జరుగు, తగులుతుంది అని ఒకరినొకరు కసురుకున్నారు. కూజా పట్టుకున్న పిల్ల ఎక్కడికీ పోలేదు. వాళ్లింట్లో, మెట్లకింద, చీకట్లో నిలబడి ఉంది. అమ్మేదాకా దాచడానికి వాళ్ల ఇల్లు, బయటపడితే దొంగలూ వాళ్లే.

"ఇచ్చారు," అంది. "లెన్‌ని అడగండి. మీరే స్వయంగా వచ్చి..."

"ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. వానలో ఒక్కడే జీపు తోలుకుంటూ వచ్చాడు. పెద్దమనిషి తనంతట తానే మోసుకొచ్చాడని లెన్ ఎంత మురిసిపోయాడో.

"బొమ్మని దయచేసి ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు సర్ క్రిస్పిన్, వాచీ చూసుకుంటూ. "దానిమీద ముద్రలుంటే చూసుకునేవాళ్లు చూసుకుంటారు. నాకు ఉదయం నుంచే అనుమానంగా ఉండి కబురు చేశాను."

గ్లెనిస్ బొటనవేలు గుప్పిట్లోకి పోయింది. నోరీన్ అది చూసింది. ఏమీ అనకుండా వచ్చి ఆ గుప్పిటని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. దుప్పట్లు ఉతికి అరిగిన తల్లి చేతుల్లాంటి చేతులు, గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

"కబురెక్కడికి?" అని అడిగింది గ్లెనిస్. ఆయన చెప్పలేదు. మర్యాదగా కిటికీవైపు చూశాడు, అంతే.

గ్లెనిస్ చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. వెలుతురు తగలకూడదన్న ఆ చెక్కరెక్కలు రెండూ గోడకి కొట్టుకునేలా బార్లా తెరిచింది. కింద తోట, దాని అవతల గొర్రెల బీడు, బీడు చివర వాళ్ల ఇల్లు. గేటు దగ్గర పసుపు నీలం గళ్ల పోలీసు కారు ఆగి ఉంది. టోపీలు పెట్టుకున్న ఇద్దరు వానలో గుమ్మం ముందు నిలబడి ఏదో అడుగుతున్నారు.

గుమ్మంలో చెప్పులతో, ముక్కుకి గొట్టంతో లెన్ ఉన్నాడు. ఇంటికొచ్చినవాళ్లని వానలో నిలబెట్టడం పుట్టి బుద్ధెరిగాక ఎరగని మనిషి. "లెన్" అని గ్లెనిస్ అరిచిన అరుపు మూసి ఉన్న కిటికీ అద్దం దాటలేదు. ఆయన తలూపుతూ, నవ్వుతూ పక్కకి తప్పుకుని, లోపలికి రమ్మని మెట్లవైపు చెయ్యి చూపించాడు.